రాసిన పేజీ మీదనే సంతకం

కేసముద్రం,
2026 జనవరి.

చి.ల.సౌ. బిడ్డకు, పెద్దనాయిన దీవించి రాయునది.

మొన్న ఫోన్‌లో "పెద్దనాయినా, వచ్చే మీటింగ్‌లో నేనేం మాట్లాడాలె?" అని అడిగినవు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతది, అందుకే రాస్తున్న. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎజెండా కూడ చదివిన. నాలుగే అంశాలు. పంచాయతీ భవనం స్లాబు కురుస్తున్నది కాబట్టి రిపేరు. మోరీల పూడిక తీయించుడు. సఫాయి వాళ్లలో ఒకాయనను తీసేసి కొత్త మనిషిని పెట్టుకునుడు. ఆఖరుకు "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు". చూడటానికి చిల్లర పనుల్లెక్క కనిపిస్తయి గాని, ఐదేండ్లూ నీ ముందుకు తిరిగి తిరిగి వచ్చేటివి ఇవే. నా సర్వీసంతా పంచాయతీ కార్యదర్శిగా ఈ నాలుగింటి చుట్టే తిరిగిన.

డిసెంబరు ఎన్నికల్లో వార్డు గెలిచి, అదే రోజు మిగతా వార్డు సభ్యులు చేతులెత్తితే ఉపసర్పంచ్‌వి అయినవు. మన ఇండ్లల్లో ఆ పదవి అంటే సర్పంచ్ ఊళ్లో లేనప్పుడు జెండా ఎగరేసే మనిషి అనుకుంటరు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినంక ఆ లెక్క మారింది. పంచాయతీ డబ్బులు డ్రా చెయ్యాలంటే సర్పంచ్ సంతకంతో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడ కావాలె. ఒక మనిషి చేతిలో ఖజానా ఉండొద్దని, రెండో కన్ను ఒకటి ఉండాలని పెట్టిన ఏర్పాటు అది. జరుగుతున్నదేంది అంటే, "సర్పంచ్ సాబ్ పెట్టిండు, కింద నువ్వు పెట్టమ్మా" అనుడు. ఆ మాటతో చెక్కు బుక్కు నీ ఇంటికి వస్తది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటది, నువ్వు చెయ్యి తుడుచుకొని సంతకం పెడ్తవు. ఇప్పుడు చెక్కులే కాదు, డిజిటల్ కీ అని ఇంకోటి వచ్చింది. అది, దాని పాస్‌వర్డు, నీ ఫోన్‌కు వచ్చే ఓటీపీ, మూడూ నీ దగ్గరనే ఉండాలె. ఆపరేటర్ దగ్గర పెడితే తిరుగుడు తప్పుతదని అందరూ అంటరు. తిరగాలె బిడ్డా, మండలాఫీసు ఏమంత దూరమని?

ఇగ అసలు సంగతి తీర్మానాల పుస్తకం. మీటింగ్‌లో ఎవరేం మాట్లాడిండ్రన్నది నెల తిరిగేసరికి ఎవరికీ యాదికుండదు. ఆడిట్ వాళ్లు వచ్చినా, కలెక్టరాఫీసు నుంచి విచారణ వచ్చినా చూసేది పుస్తకమే. అందులో ఉన్నదే జరిగినట్టు, లేనిది జరగనట్టు. నేను చూసిన ఊర్లలో చాలాచోట్ల ఆ పుస్తకం మీటింగ్ టేబుల్ మీద కంటే బండి డిక్కీలో ఎక్కువ తిరిగేది. వార్డు సభ్యుడు పత్తి ఏరే కాడ ఉంటే అక్కడికే పోయి, గట్టు మీద కూసోబెట్టి సంతకం తీసుకునుడు. పేజీ పైన తేదీ ఉంటది, కింద పేర్లుంటయి, నడిమిట్ల తెల్లగ ఉంటది. ఆ తెల్ల జాగలో తర్వాత ఏం రాసినా, కింద సంతకం పెట్టినోళ్లందరూ ఒప్పుకున్నట్టే లెక్క.

కాబట్టి నీకు నేను చెప్పేది ఒక్కటే, మిగతా ఉత్తరమంతా దాని తోకనే. రాసి ఉన్న పేజీ మీదనే సంతకం పెట్టు. చర్చ ముందు, రాత తర్వాత, సంతకం ఆఖరుకు. ఆఖరి తీర్మానం కింద అడ్డగీత కొట్టి, ఆ గీతను ఆనుకొని నీ పేరు రాయి, తేదీ వెయ్యి. ఏ అంశమైనా నీకు నచ్చకపోతే గొడవ పెట్టుకొని లేచి పోవద్దు. లేచి పోయినోళ్ల మాట పుస్తకంలోకి ఎక్కదు. "ఈ అంశానికి నా అసమ్మతి, కారణం ఫలానా" అని రెండు లైన్లు రాయించి కూసో. మెజారిటీ వాళ్లదే అయితే తీర్మానం పాసైతది, కానియ్యి. నీ రెండు లైన్లు మాత్రం ఆ పుస్తకంలో ఉంటయి.

ఈ మాటలు విని కార్యదర్శి పిల్లను శత్రువును చేసుకునేవు. తప్పు ఆమెది ఒక్కదానిదే కాదు. 2019లో జూనియర్ పంచాయతీ కార్యదర్శులుగా వచ్చినోళ్లు నెలకు 15,000తో మొదలుపెట్టిండ్రు. మూడేండ్ల ప్రొబేషన్ అని చెప్పి నాలుగేండ్లు చేసిండ్రు, 2023 ఏప్రిల్ ఆఖరున సమ్మెకు దిగితే గాని రెగ్యులర్ చేసే మాట కదలలేదు. పొద్దున లేస్తే మోరీ ఫోటో, చెట్ల ఫోటో, చెత్త బండి ఫోటో యాప్‌లో ఎక్కించాలె. 2024 ఫిబ్రవరి నుంచి మొన్నటిదాకా సర్పంచ్‌లు లేక స్పెషలాఫీసర్ల పాలన నడిచినప్పుడు, ట్రాక్టర్ డీజిల్‌కు జేబులకెల్లి పెట్టుకున్న కార్యదర్శులు ఉన్నరు. ఆమెతోని పక్కన కూసొని "చెల్లే, మనిద్దరం చదువుకుంట రాద్దాం" అంటే ఆమెకూ ధైర్యమే. ఎందుకంటే రేపు ఏదన్న అయితే మొదలు నోటీసు వచ్చేది ఆమెకే.

ఇంకోటి. మీటింగ్‌కు అల్లుడు రావద్దు. నాకు తెలుసు, మంచోడు, నీకు తోడుగనే వస్తడు. కాని ఆయన కుర్చీ వేసుకొని కూసున్న నాడు ఇంకో వార్డు సభ్యురాలి భర్త కూడ వస్తడు, నాలుగో మీటింగ్‌కు మొగోళ్లే మాట్లాడుతరు, గెలిచిన ఆడోళ్లు చాయ్ గ్లాసులు అందిస్తరు. ఊర్లల్లో సగం సీట్లు ఆడోళ్లకు ఇచ్చింది దీనికోసం కాదు. అల్లుడిని ఈ ఉత్తరం చదవమను, ఏమీ అనుకోడు.

ఇగ ఆస్తుల సంగతి. కొత్త పనికి శిలాఫలకం ఉంటది, రిపేరుకు ఉండదు. అందుకే కొత్త సీసీ రోడ్డు అంటే అందరూ మాట్లాడుతరు, స్లాబు కురుస్తున్నదంటే ఎవరూ పలకరు. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతిలో ప్రతి పంచాయతీకి ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, నర్సరీ, ప్రకృతి వనం వచ్చినయి. బాగనే వచ్చినయి, నేను కాదనను. ఆరేండ్లు దాటినంక ఇప్పుడు పోయి చూడు. చెత్త వేరుచేసే షెడ్డులో ఎవరివో మేకలు కట్టేసి ఉంటయి. వైకుంఠధామంలో నల్లా తిప్పితే నీళ్లు రావు. అంత్యక్రియలకు పోయినోళ్లు బిందెలతో తెచ్చుకుంటరు. కట్టినప్పుడు ఫోటోలున్నయి, చూసుకునేదానికి తీర్మానాలు లేవు.

మీటింగ్ కంటే ముందు ఒక పూట ఆస్తుల రిజిస్టర్ చేతపట్టుకొని ఊరంతా నడువు. ఒక్కదానివి పోకు. చట్టం ప్రకారం మీ పంచాయతీకి నాలుగు స్థాయీ సంఘాలు ఉండాలె: పారిశుధ్యం, వీధిలైట్లు, చెట్లు, పనులు-సంతలు. చాలా ఊర్లల్లో ఇవి కాగితం మీదనే పుట్టి కాగితం మీదనే పోతయి. ఆ సంఘాల్లో పేరున్న మనిషిని పిలిచి "నువ్వు సభ్యుడివట, పా పోదాం" అను. సగం మందికి తాము సభ్యులమన్నది అప్పుడే తెలుస్తది. నవ్వుతవేమో, నిజంగ జరిగేదే రాస్తున్న.

నీళ్ల ట్యాంకు కాడ జర ఆగు. నెలలో 1, 11, 21 తేదీల్లో ట్యాంకు కడగాలని పద్ధతి. కడిగిన తేదీ ట్యాంకు మీద రాస్తరు. తేదీ ఒక్కటే చూసి తిరిగి రాకు. తేదీ మార్చుడు సున్నం డబ్బా పని, ట్యాంకు కడుగుడు మనిషి లోపలికి దిగే పని. వాటర్‌మన్‌ను అడుగు, ఆఖరుసారి దిగినప్పుడు అడుగున ఎంత మడ్డి వచ్చిందని. కడిగినోడు వెంటనే చెప్తడు, కడగనోడు సర్పంచ్ మొఖం చూస్తడు.

ట్రాక్టర్‌కు లాగ్‌బుక్ ఉంటది. డీజిల్ ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలు నడిచింది, ఏ పనికి పోయింది. చెత్త బండి తిరిగిన గంటలకు, తాగిన డీజిల్‌కు పొంతన లేకపోతే ఆ ట్రాక్టర్ ఎవరి పొలంలోనో నాగలి కట్టిందనే అర్థం. ఎవరి పొలమని మీటింగ్‌లో అడగకు, పరువు సమస్యయి మాట పక్కకు పోతది. "ఇప్పటి నుంచి లాగ్‌బుక్ ప్రతి మీటింగ్‌లో టేబుల్ మీద పెట్టాలె" అని తీర్మానం రాయించు. దుక్కులు వాటంతటవే బందైతయి.

మోరీల పూడిక గురించి ఎజెండాలో పెట్టిండ్రు, మంచిదే. జనవరిలోనే పెట్టిండ్రంటే నాకు జర అనుమానమే గాని, దాన్ని పట్టుకొని వదలకు. మన దగ్గర ఈ అంశం మామూలుగ మృగశిర కార్తె వచ్చి, ఇండ్లలోకి నీళ్లు వచ్చినంక గుర్తొస్తది. 2024 సెప్టెంబరు 1 నాటి వాన నీకు యాదికున్నదే. మన కేసముద్రం, ఇంటికన్నె నడుమ రైలు పట్టాల కింద కట్ట, కంకర కొట్టుకపోయి పట్టాలు గాలిలో వేలాడినయి. కాజీపేట, విజయవాడ నడుమ రైళ్లన్నీ ఆగిపోయినయి. అంత వానకు పంచాయతీ ఏం చేస్తది అంటవా, రైలు కట్టకు ఏం చెయ్యలేదు. కాని మీ వాడకట్టులో మోకాలు లోతు నీళ్లు నిలిచింది మాత్రం వానతోని ఒక్కటే కాదు, మోరీ మీద మెట్లు కట్టుకున్నోళ్లతోని కూడ. ఆ మెట్లు ఎవరివో అందరికీ తెలుసు, ఎజెండాలో ఎవరూ పెట్టరు. పూడిక అంచనా తయారు చేసేటప్పుడే ఏ ఇంటి ముంగట మోరీ మూసుకపోయిందో రాయించు. మార్చి లోపల తీర్మానం, రోహిణి కార్తె లోపల పని. అట్లయితేనే దానికి అర్థం.

పైసల గురించి రెండు ముచ్చట్లే. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీళ్లకు, పారిశుధ్యానికే పెట్టాలె. మిగిలిన 40 శాతం ఊరికి ఏది అవసరమైతే దానికి వాడుకోవచ్చు గాని జీతాలకు వాడొద్దు. భవనం స్లాబు బిల్లును మోరీ ఖాతాలో రాసుకుందాం అని ఎవరన్నా అంటే, సంతకం నీదే అన్నది మర్చిపోకు. రెండోది, "ముందు చేతికెల్లి పెట్టి పని చేపిద్దాం, బిల్లు తర్వాత వస్తది" అన్న మాటకు లొంగకు. పోయినసారి సర్పంచ్‌లు అట్లనే మిత్తికి తెచ్చి పనులు చేపిచ్చి, పదవి పోయినంక పెండింగ్ బిల్లుల కోసం ధర్నాలు చేసిండ్రు. బంగారం కుదువ పెట్టినోళ్లు ఉన్నరు. నీ మెడలో పుస్తెలతాడు పంచాయతీ ఆస్తి కాదు.

ఇగ మూడో అంశం. ఇది చదివి నాకు మనసున పట్టలేదు. ఎన్నికలైన ప్రతిసారి ఇదే తంతు. "ఆ సఫాయి ఆయన మనకు ఓటెయ్యలేదు, అవతలోళ్ల వెంట తిరిగిండు" అని మొదటి మీటింగ్‌లనే తీసేస్తరు. కారోబార్ మీద కూడ అదే కన్ను. ఇంటి పన్ను రసీదు బుక్కు ఆయన దగ్గర ఉంటది గదా. వాళ్లకు వచ్చే జీతం ఎంత? 2019లో 8,500 చేసిండ్రు, 2023 మే డే నాడు ఇంకో వెయ్యి పెంచితే 9,500 అయింది. అది కూడ నెలనెలా చేతికి వస్తే పండుగ. ఆ ఏడాదే జులై 6 నుంచి రాష్ట్రమంతా పంచాయతీ కార్మికులు సమ్మె చేస్తే ఊర్లల్లో చెత్త కుప్పలు పడ్డయి. అప్పుడు గాని చాలామందికి వాళ్ల పేర్లు తెల్వలేదు.

మల్టీపర్పస్ అని ఇంకో పద్ధతి తెచ్చి పెట్టిండ్రు, 51 నంబరు జీవోతోని. ఊడ్చేటోడే ట్రాక్టర్ నడపాలె, ట్రాక్టర్ నడిపేటోడే నల్లా విప్పాలె, వీధిలైటు పోతే వాళ్లలో ఎవరో ఒకరు కరెంటు స్తంభం ఎక్కాలె. కార్మిక సంఘాలు దీన్ని రద్దు చెయ్యమని మొదటినుంచి అడుగుతనే ఉన్నయి. స్తంభం మీద షాక్ కొట్టి, లైసెన్స్ లేక నడిపిన ట్రాక్టర్ బోల్తా పడి ప్రాణాలు పోయిన సంగతులు పేపర్లలో ఎన్నిసార్లు రాలేదు? జీవోను రద్దు చేసుడు నీ చేతిలో లేదు. మీ ఊళ్లో ఎవర్నీ స్తంభం ఎక్కించొద్దని, కరెంటు ఆఫీసుకు చెప్పి లైన్‌మన్‌తోని లైన్ క్లియర్ తీసుకొని అతనితోనే చేయించాలని, లైసెన్స్ లేనోడు స్టీరింగ్ పట్టొద్దని తీర్మానం చేసుడు నీ చేతిలో ఉన్నది. మోరీలో దిగేటోళ్లకు బూట్లు, గ్లౌజులు, సబ్బులు, నూనె ఎప్పుడిచ్చిండ్రో అడుగు. రిజిస్టర్‌లో వాళ్లు సంతకం పెట్టి ఉంటరు. వాళ్ల చేతులు చూడు.

ఆ తీసేద్దామన్న ఆయన సంగతి వచ్చినప్పుడు ఒక్క పని చెయ్యి. మన పంచాయతీ మీటింగ్‌లలో కార్మికుల ముచ్చట వస్తే, వాళ్లు తలుపు కాడ నిలబడి ఉంటరు. లోపల వాళ్ల గురించి మాట్లాడుతుంటరు, కిటికీలకెల్లి అన్నీ వినిపిస్తనే ఉంటయి, వాళ్లు తల వంచుకొని చీపురు పుల్లలు సరిచేసుకుంటుంటరు. ఏండ్ల తరబడి చూసిన అది. నువ్వు లేచి ఆయనను లోపలికి పిలువు, కుర్చీ వేయించు. "నీ మీద ఫిర్యాదు ఏందో చదువుతరు, నీ జవాబు నువ్వు చెప్పు" అను. ఫిర్యాదు కాగితం మీద లేకపోతే ఫిర్యాదే లేదు. కాగితం ఉంటే, నోటీసు ఇవ్వాలె, వివరణకు గడువు ఇవ్వాలె, ఆయన చెప్పింది కూడ పుస్తకంలో రాయాలె. నిజంగ పనికి రాకుండ తాగి తిరుగుతుంటే, ఈ దారిలో పోయినా తేలుతది. కుర్చీ వేయించినందుకు ఒకరిద్దరు మొఖం మాడ్చుకుంటరు. ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊడ్చే పని ఏ వాడకట్టు వాళ్లకు పోయిందో ఊర్లల్లో అడగాల్సిన పని లేదు.

ఆఖరిది నీకు కష్టమైన ముచ్చట. మీ మరిదికి జేసీబీ ఉన్నది. పూడిక పని రాంగనే అందరి కండ్లు నీ మీదికే వస్తయి, సర్పంచ్ కూడ "ఇంటి మనిషే ఉన్నడు గదా" అని నవ్వుకుంట అంటడు. అది నీ మీద ప్రేమతోని అనుకోకు. రేపు ఆయన చెప్పిన చెక్కు మీద నువ్వు నోరు తెరవకుండ ఉండేటందుకు. పంచాయతీతోని కాంట్రాక్టులో స్వప్రయోజనం ఉన్న సభ్యుడికి సభ్యత్వమే పోతదని చట్టం. మరిది వాటా నీ వాటా కిందికి వస్తదా రాదా అన్నది వకీళ్లు తేల్చుకునేది. ఊరి లెక్కలో వస్తది.

ఇది ఇప్పటి ముచ్చట కాదు. తమిళనాడులో ఉత్తరమేరూరు అని ఒక ఊరున్నది. అక్కడి గుడి గోడల మీద చోళ రాజు పరాంతకుడి కాలంలో, 919, 921 సంవత్సరాల్లో చెక్కిన శాసనాలున్నయి. ఆ ఊరి సభకు చెరువు సంఘం, తోటల సంఘం అని వేర్వేరు సంఘాలు. సంఘంలో ఉండి లెక్కలు చెప్పనోడు మళ్ల పనికిరాడు. వాడొక్కడే కాదు, వాని అన్నదమ్ములు, మామ, అల్లుడు, బామ్మర్ది, బావ, మేనత్త కొడుకు, మేనమామ కొడుకు, అందరి పేర్లూ వరుసబెట్టి చెక్కిండ్రు, వీళ్లెవరూ రావద్దని. వెయ్యేండ్ల కింద కూడ మరుదుల బాధ ఉన్నట్టున్నది. అయితే ఆ సభలో ఆడోళ్లకు చోటు లేదు, మన కులపోళ్లకు అసలే లేదు. అది మంచి కాలమని నేను చెప్పను.

కాబట్టి ఆ అంశం రాంగనే అందరికంటే ముందు నువ్వే చెప్పు: "మా మరిదికి జేసీబీ ఉన్నది, ఈ అంశం మీద నేను మాట్లాడను, ఓటెయ్యను." ఆ మాట పుస్తకంలో రాయించి, ఆ అంశం అయ్యేదాకా బయట కూసో. మిగతావాళ్లకు ఒక మాట మాత్రం చెప్పి పో. రేట్లు కాగితం మీద సీల్ వేసి తీసుకోవాలె, అందరి ముంగట విప్పాలె. మన కేసముద్రం మార్కెట్ యార్డులో ఈ-నామ్ వచ్చినంక పసుపు కుప్ప ఏ రేటుకు పోయిందో తెర మీద కనిపిస్తది గదా, అట్ల. మీ మరిది రేటు నిజంగనే తక్కువైతే ఆయనకే రానియ్యి, నీ నోటితోని రావద్దు అంతే. ఇంట్లో గొడవైతది. పండుగకు వచ్చినప్పుడు ఆయనతోని నేను మాట్లాడుత.

ఇంటి పన్ను మార్చి 31 లోపల మీదే ముందు కట్టి, రసీదు తీసుకో. సమాచార హక్కు కింద ఎవరన్నా తీర్మానాల కాపీ అడిగితే మొఖం చిట్లించుకోకు. ఊరి స్థాయిలో ఆ దరఖాస్తుకు ఫీజు కూడ లేదు, అడిగినోడికి ఇవ్వాల్సిందే. గ్రామసభ రెండు నెలలకు ఒకసారి పెట్టాలె, పెట్టకపోతే సర్పంచ్ పదవికే ముప్పు. ఈ సంగతి ఆయనకు నువ్వు గుర్తు చేస్తే ఆయనకూ మంచిదే. చాటింపు ముందు రోజు పొద్దుగూకినంక వేయించు, పొద్దున వేస్తే కూలికి పోయినోళ్లకు తెల్వదు.

మా కేసముద్రమైతే ఇప్పుడు మునిసిపాలిటీ కిందికి పోయింది. ఇక్కడి ముచ్చట్లు వేరే, ఎప్పుడన్నా తీరికగ చెప్త. మీ పెద్దమ్మ పచ్చళ్ల సీసాలు కట్టి పెట్టింది, తమ్ముడు వచ్చినప్పుడు పంపిస్త. మీటింగ్ అయినంక తీర్మానాల పేజీలు ఫోటో తీసి నాకు పంపు. ట్రాక్టర్ ఆర్‌సీ పంచాయతీ పేరు మీదనే ఉన్నదా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నదో కూడ చూసి రాయి. ఆ కాగితాలు కార్యదర్శి దగ్గర లేకుంటే కారోబార్ దగ్గర ఉంటయి, ఆయనను తీసేయక ముందే అడిగి తీసుకో.

ఇట్లు,
పెద్దనాయిన